అభిమన్యుడి మాట ఎత్తని కృష్ణుడు

ఈ వారం వీడియోలో ద్రోణపర్వం, పదమూడో రోజు దాకా వచ్చాం. పద్మవ్యూహం, అభిమన్యుడు లోపలికి వెళ్లడం, వెనకాల పాండవులు ఆగిపోవడం అన్నీ అక్కడ చెప్పుకున్నాం. టైమ్ చాలక వదిలేసిన సంగతి ఒకటుంది. అది యుద్ధంలో జరిగింది కాదు, యుద్ధం అయిపోయి చాలా రోజులయ్యాక ద్వారకలో జరిగింది. నిజం చెప్పాలంటే వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పి తోసేయడం నాకూ ఇష్టం లేకపోయింది.

అక్కడికి వెళ్లే ముందు మన కాలంలోని ఒక తేదీ గుర్తు చేస్తాను.

2025 మే 11, ఆదివారం. ఆ రోజు మదర్స్ డే. పొద్దున లేచేసరికి స్టేటస్‌ల నిండా అమ్మల ఫోటోలే. అదే రోజు వైశాఖ శుద్ధ చతుర్దశి, నృసింహ జయంతి. ఒక పిల్లాడి మాట నిలబెట్టడానికి స్వామి స్తంభం చీల్చుకుని వచ్చిన రోజు. సరిగ్గా ఆ రోజే శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లితండా అనే చిన్న ఊళ్లో ఒక అమ్మానాన్నా తమ ఒక్కగానొక్క కొడుకుని సాగనంపారు. అగ్నివీర్ మురళీ నాయక్. జమ్మూ కశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మే 9న ప్రాణం పోయింది. వైశాఖ శుద్ధ ద్వాదశి. మర్నాడు, మే 10 సాయంత్రం, రెండు దేశాలూ కాల్పులు ఆపేశాయి.

ఒక్క రోజు. ఆ ఒక్క రోజు గురించి ఆ ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని ఉంటారో మనం లెక్క కట్టలేం.

కల్లితండా ఎక్కడుందో బెంగళూరు, హైదరాబాద్ మధ్య కార్లో తిరిగే వాళ్లకి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. హైవే మీద పెనుకొండ కొండ కనబడుతుంది చూడండి, ఆ చుట్టుపక్కలంతా పాత అనంతపురం జిల్లానే. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా అయింది గానీ నేల అదే, కరువూ అదే. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడే వాన. అదైనా అదను చూసుకుని పడితే వేరుశనగ పండుతుంది, లేకపోతే పెట్టుబడి మట్టిలో కలుస్తుంది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్లు అక్కడ ఊరూరా ఉంటాయి. అందుకే ఆ ప్రాంతంలో బతుకంటే సగం వలస. బెంగళూరులో మన అపార్ట్‌మెంట్లు కట్టిన చేతుల్లో అటువైపు వాళ్ల చేతులు చాలా ఉన్నాయి.

మురళి అమ్మానాన్నలు కూడా అలా ముంబై వెళ్లి ఏళ్ల తరబడి కూలి పనులు చేసుకున్నవాళ్లే. సుగాలీ కుటుంబం. కొడుకేమో ఊరి దగ్గర చదువుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆర్మీ యూనిఫాం వేసుకోవాలనే పట్టుదల అని ఆ తండ్రి తర్వాత విలేఖరులకు చెప్పుకున్నారు. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించారు, ఆ ఏడాది చివర్లోనే అతను చేరాడు. నాలుగేళ్ల సర్వీసు. అంటే 2026 చివరికి పూర్తయ్యేది.

అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరిగాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు, మంత్రి నారా లోకేశ్ వచ్చారు. 50 లక్షల సాయం, ఐదెకరాల భూమి, ఇంటి స్థలం ప్రకటించారు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. టీవీలు రెండు రోజులు చూపించాయి. తర్వాత మనందరం మన పనుల్లో పడ్డాం.

ఇప్పుడు ప్రశ్న. చిన్న వయసులో పోయిన వాళ్లని గుర్తు పెట్టుకోవడం అంటే ఏం చేయడం? మన సంప్రదాయం దీని గురించి ఏమంటుంది? సైనికుడికే కాదండీ. బైక్ యాక్సిడెంట్‌లో పోయిన క్లాస్‌మేట్, ఆఫీసులో గుండె ఆగిపోయిన కొలీగ్, కరోనా రెండో వేవ్‌లో పోయిన అన్న. మనలో దాదాపు ప్రతి ఒక్కరికీ అలాంటి పేరు ఒకటి ఉంటుంది.

సాధారణంగా ఆ ఇంటికి వెళ్లినప్పుడు మనం మూడు మాటల్లో ఏదో ఒకటి అంటాం. ఆత్మకు చావు లేదమ్మా, ఏడవకండి. అంతా కర్మ, ఎవరి రాత ఎంతవరకో అంతే. సైనికుడైతే మూడోది, వీరమరణం అమ్మా, గర్వపడాలి. మూడూ మన గ్రంథాల్లోవే. మూడింటిలో అబద్ధం లేదు. అయినా ఎందుకో ఆ తల్లి మొహంలోకి చూస్తూ అంటున్నప్పుడు మన గొంతే మనకి పరాయిగా వినిపిస్తుంది. నాకైతే ఎప్పుడూ అంతే. ఎందుకని?

మొదటి మాట తీసుకుందాం. శరీరాలు పోతాయి, ఆత్మ పోదు, కాబట్టి తెలిసినవాళ్లు శోకించరని కృష్ణుడు అర్జునుడికి చెప్పింది ఎప్పుడు? యుద్ధం మొదటి రోజు పొద్దున. ఇంకా ఎవరూ చావలేదు. చేయాల్సిన పని ముందుంది, చేయాల్సినవాడు విల్లు కింద పెట్టి కూర్చున్నాడు. వాణ్ణి లేపడానికి చెప్పిన మాట అది. సరే, గీత మొత్తం విన్నాడు కదా, పన్నెండు రోజులు యుద్ధం చేశాడు. పదమూడో రోజు సాయంత్రం సంశప్తకులతో పోరాడి శిబిరానికి తిరిగొస్తున్నాడు. దారిలోనే మనసు కీడు శంకించింది. శిబిరంలో వాద్యాల్లేవు, మాటల్లేవు. అప్పుడు అర్జునుడికి మొట్టమొదట తట్టిన తేడా ఏంటో తెలుసా? రోజూ తను యుద్ధం నుంచి వస్తుంటే అభిమన్యుడు తమ్ముళ్లతో కలిసి నవ్వుతూ ఎదురొచ్చేవాడు. ఇవాళ రాలేదు.

ఎదురు రాలేదు అన్న ఆ చిన్న విషయం దగ్గరే తండ్రి గుండె పగిలింది. తర్వాత చాలాసేపు ఏడ్చాడు అర్జునుడు. కొడుకు జుట్టు గురించి, కళ్ల గురించి, వాడు మాట్లాడే తీరు గురించి, పెద్దల ముందు వాడి అణకువ గురించి తలుచుకుని తలుచుకుని ఏడ్చాడు. భగవద్గీత సాక్షాత్తు భగవంతుడి నోటి నుంచి విన్న మనిషి అండీ ఆయన. గీత విన్నా ఏడ్చాడు. మరి కృష్ణుడేమన్నాడు? మొదటి రోజు అంత చెప్పాను, అప్పుడే మర్చిపోయావా అన్నాడా? అనలేదు. వెనుదిరగని వీరులందరిదీ ఇదే దారి, నీ కొడుకు మంచి లోకాలకే వెళ్లాడు అన్నాడు. ఆ వెంటనే, నువ్విలా ఉంటే చూడు, నీ అన్నదమ్ములు, నీ స్నేహితులు ఎలా కుంగిపోతున్నారో, వాళ్లకి నువ్వే ధైర్యం చెప్పాలి అన్నాడు. ఆత్మ గురించి పద్దెనిమిది అధ్యాయాలు చెప్పగలిగినవాడు ఆ రాత్రి తీసుకున్నది ఇంత చిన్న దారి.

కాబట్టి కొడుకు పోయిన ఇంట్లో గీత శ్లోకం చెప్పి కన్నీళ్లు ఆపమనడం కృష్ణుడు చేయని పని. ఇది నా అభిప్రాయం, కొంచెం గట్టిగానే చెబుతున్నాను. పని వదిలేసి కూర్చున్నవాడికి ఇచ్చిన మందు కొడుకుని పోగొట్టుకున్నవాళ్లకి పోయకూడదు.

రెండో మాట, కర్మ. నృసింహ జయంతి నాడే ఎందుకిలా అని ఎవరికైనా అనిపిస్తుంది. కల్లితండా ఉన్న జిల్లాలోనే కదిరి ఉంది. ఖాద్రీ లక్ష్మీనరసింహ స్వామి. గర్భగుడిలో స్వామి పక్కన ప్రహ్లాదుడు కూడా నిలబడి ఉండడం అక్కడి విశేషం. ఎక్కడ కష్టమొచ్చినా ఆ చుట్టుపక్కల జనం మొక్కుకునేది ఆ స్వామికే. ఆ పిల్లాణ్ణి కాపాడిన దేవుడు ఈ పిల్లాణ్ణి ఎందుకు కాపాడలేదు?

దీనికి జవాబు నాకు తెలుసని చెప్పే ధైర్యం నేను చేయను. కానీ ఒకటి చూడండి. అభిమన్యుడికి కృష్ణుడు స్వయానా మేనమామ. పాండవులు అరణ్యవాసంలో, అజ్ఞాతవాసంలో ఉన్న పదమూడేళ్లూ వాడు ద్వారకలో మామయ్య ఇంట్లోనే పెరిగాడు. విలువిద్యలో తర్ఫీదు కూడా అక్కడే. దేవుడి ఒళ్లో పెరిగిన పిల్లాడు పదహారేళ్లకే పోయాడు. ఆ సాయంత్రం దేవుడు అదే కురుక్షేత్రంలో, ఇంకో పక్కన, అర్జునుడి రథం తోలుతున్నాడు. ఇంతకంటే దగ్గరి చుట్టరికం, ఇంతకంటే గట్టి భక్తి ఎవరికి ఉంటాయి? ఈ కథ ఒక్కటి గుర్తుంటే చాలు, ఏ తల్లినీ మీరు సరిగ్గా మొక్కుకోలేదేమో అనో, పూర్వజన్మలో ఏం చేశారో అనో అనడానికి మన నోరు రాదు.

భారతంలో కారణం చెప్పలేదా అంటే, చెప్పారు. ఆదిపర్వంలో ఉంది. చంద్రుడి కొడుకు వర్చసుడే అభిమన్యుడిగా పుట్టాడు. దేవతలు భూమ్మీదికి పంపమని అడిగితే చంద్రుడు మొదట ఒప్పుకోలేదు. కొడుకుని వదిలి ఉండలేను, పంపినా పదహారేళ్లే, తర్వాత నా దగ్గరికి వచ్చేయాలి అన్నాడు. ఎంత చక్కటి కథ చూడండి. పైన కూడా ఒక తండ్రి ఎదురు చూస్తున్నాడన్నమాట. కానీ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఈ కథ ఎవరికి చెప్పారు? వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పాడు. జనమేజయుడు పరీక్షిత్తు కొడుకు, అంటే అభిమన్యుడికి మనవడు. రెండు తరాల తర్వాత, గాయం మానాక, వినగలిగినవాడికి చెప్పిన కథ అది. పదమూడో రోజు రాత్రి సుభద్ర దగ్గరికి వచ్చి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. కారణం నిజమే అయినా దానికి ఒక సమయం ఉంటుంది.

ఆ రాత్రి నిజంగా చెప్పిన కథ వేరే ఉంది. ధర్మరాజు కుమిలిపోతున్నాడు, ఎందుకంటే వ్యూహంలోకి వెళ్లమన్నది ఆయనే. వ్యాసుడు వచ్చి, మృత్యుదేవత ఎలా పుట్టిందో చెప్పాడు. సృష్టి పెరిగిపోయి భూమి మోయలేకపోతుంటే బ్రహ్మ నుంచి ఒక స్త్రీ పుట్టింది. నువ్వు ప్రాణుల్ని సంహరించాలి అన్నాడు బ్రహ్మ. ఆమె ఏడ్చేసింది. నేను చేయలేను, వాళ్ల కోసం ఏడ్చే కొడుకులు, తల్లులు, తండ్రులు నన్ను శపిస్తారు అంది. తప్పించుకోవడానికి వేల ఏళ్లు తపస్సు చేసింది. చివరికి ఒప్పుకోక తప్పలేదు. ఆమె కార్చిన కన్నీళ్లని బ్రహ్మ తన చేతుల్లో పట్టాడు. ఆ కన్నీళ్లే ప్రాణులకు రోగాలయ్యాయి, నువ్వు చంపినట్టు ఉండదు అన్నాడు.

చావే ఏడ్చిందని చెప్పే పురాణం మనది. అలాంటి పురాణం చేతిలో పెట్టుకుని, ఏడుపు అజ్ఞానం అని తల్లులకి క్లాసు పీకడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఆలోచించండి.

ఇక వీరమరణం అన్న మూడో మాట. ఇది ఆ నేలకి కొత్తది కాదు. మడకశిర వైపు అమరాపురం మండలంలో హేమావతి ఉంది. వెయ్యేళ్ల కిందట నొళంబ పల్లవుల రాజధాని. ఆ ప్రాంతం నుంచి కర్ణాటక లోపలి దాకా పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద, గుడి ఆవరణల్లో వీరగల్లులు కనిపిస్తాయి. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయినవాడు, పక్క రాజ్యం దండు మీద పడితే నిలబడినవాడు, వాళ్ల కోసం పాతిన రాళ్లు. చాలా వాటిలో మూడు అంతస్తుల బొమ్మలుంటాయి. కింద పోరాటం. మధ్యలో అప్సరసలు రెండు పక్కలా చేతులు పట్టుకుని వీరుణ్ణి పైకి తీసుకెళుతుంటారు. పైన వీరుడు శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. ఆ పైన సూర్యుడు, చంద్రుడు. వాళ్లు ఉన్నంతకాలం ఈ రాయి ఉండాలని.

చనిపోయినవాడి కుటుంబానికి రాజు భూమి కూడా ఇచ్చేవాడు. ఆ ప్రాంతపు కన్నడ శాసనాల్లో దానికి నెత్తరుగొడగె అని పేరు. నెత్తురుకి బదులుగా ఇచ్చిన మాన్యం. వెయ్యేళ్ల తర్వాత అదే నేల మీద ఐదెకరాలు ప్రకటించారని చదివినప్పుడు నాకు వెంటనే ఆ మాటే గుర్తొచ్చింది. మన ప్రభుత్వాలు తెలిసి చేసినా తెలియక చేసినా పాత ధర్మాన్నే పాటించాయి. ఒక ఊరు తన కోసం పోయినవాడి ఇంటిని చూసుకోవాలి. అది దానం కాదు, అప్పు తీర్చడం.

వీరగల్లు ఎంత గొప్పదో ఒప్పుకుంటూనే ఒక మాట. వాటి దగ్గర నిలబడి చూస్తే మొహాలన్నీ ఒకేలా ఉంటాయి. అదే మీసం, అదే కత్తి, అదే భంగిమ. చాలా వాటి మీద పేరు కూడా ఉండదు. ఎలా చచ్చిపోయాడో రాయి చెబుతుంది, ఎలా బతికాడో చెప్పదు. వాడికి పాటలంటే ఇష్టమా, ఈతొచ్చా, చెల్లెల్ని ఏడిపించేవాడా? శిల్పికి తెలియదు, చెక్కలేదు. ఇప్పటి ఫ్లెక్సీ కూడా అంతే అండీ. వెనకాల జెండా, పక్కన సెల్యూట్, కింద దాతల ఫోటోలు. ఆ ఫోటోలో యూనిఫాం తీసేస్తే కుర్రాడెవరో మనకి తెలియదు. వీరమరణం అన్న మాటకి దండం పెడదాం, తప్పకుండా. కానీ అది అతని చివరి రోజుకి వచ్చిన పేరు. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా బతుకుంది. ముంబైలో కూలి చేస్తున్న అమ్మానాన్నలకి ఫోన్లో వినిపించిన గొంతుంది. అది ఏ రాయి మీదా ఎక్కదు.

ఇప్పుడు ద్వారకకి వెళదాం.

యుద్ధం అయింది. ధర్మరాజు పట్టాభిషేకం అయింది. భీష్ముడు వెళ్లిపోయాడు. కృష్ణుడు చాలా రోజుల తర్వాత ఇంటికొచ్చాడు. ముసలి తండ్రి వసుదేవుడు, నాయనా, యుద్ధం ఎలా జరిగిందో చెప్పు అన్నాడు. కృష్ణుడు మొదలుపెట్టాడు. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు ఐదు రోజులు, కర్ణుడు రెండు రోజులు, శల్యుడు సగం రోజు, తర్వాత దుర్యోధనుడు. క్లుప్తంగా, వరసగా, ఎవరెవరు ఎలా పోయారో చెప్పుకుంటూ వెళ్లాడు. మొత్తం పద్దెనిమిది రోజులూ చెప్పాడు. అభిమన్యుడి పేరు మాత్రం ఎత్తలేదు.

మర్చిపోయి కాదు. మనవడు పోయాడని వింటే తండ్రి తట్టుకోలేడని కావాలనే దాటేశాడని అశ్వమేధపర్వం స్పష్టంగా చెబుతుంది. జగద్గురువు అండీ. అర్జునుడికి విశ్వరూపం చూపించి, లోకాలన్నీ తన నోట్లో నలిగిపోవడం చూపించినవాడు. ఇంటికొచ్చి నాన్న ముందు కూర్చుంటే ఒక్క పేరు పలకలేకపోయాడు. మన ఇళ్లల్లో మనం చేసేది కూడా ఇదే కదా. అమ్మమ్మకి బీపీ, చెప్పొద్దు. వాళ్లమ్మ ముందు వాడి పేరు తేవద్దు, మళ్లీ ఏడుస్తుంది. ప్రేమతోనే చేస్తాం. కృష్ణుడూ ప్రేమతోనే చేశాడు.

పక్కనే సుభద్ర ఉంది. అంతా వింది. కథ అయిపోయింది, తన కొడుకు అందులో లేడు. అన్నా, నా కొడుకు ఎలా పోయాడో కూడా చెప్పు అంది. అని అక్కడే పడిపోయింది.

ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ ఇక్కడ ఆగిపోతాను. ఏడుస్తుందేమోనని అందరూ దాటేసిన పేరుని తల్లే తెచ్చింది. చెబితే కూలిపోతానని తెలుసు, కూలిపోయింది కూడా. అయినా తన కొడుకు లేని కథ ఆమెకి వద్దు. పిల్లల్ని పోగొట్టుకున్న అమ్మల్ని కదిపి చూడండి, చాలామంది ఇదే చెబుతారు. పేరు ఎత్తితే వచ్చే ఏడుపు కంటే, ఎవరూ ఎత్తకపోవడం వల్ల వచ్చే నిశ్శబ్దమే ఎక్కువ నరకం. మనం గుర్తు చేయకపోతే వాళ్లు మర్చిపోయి హాయిగా ఉంటారనుకోవడం మన భ్రమ. వాళ్లకి గుర్తు లేని గంట ఉండదు.

వసుదేవుడు కూతుర్ని చూసి తనూ పడిపోయాడు. తేరుకుని కొడుకు మీద నిష్ఠూరమాడాడు. సత్యం పలుకుతావని లోకమంతా నిన్ను పొగుడుతుందే, నా మనవడి సంగతి నా దగ్గర ఎందుకు దాచావు? ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు చూడండి. వెనక్కి తిరిగి పారిపోతుంటే చంపారా? అక్కడ ఉన్నప్పుడు వాళ్లమ్మ గురించి ఏమైనా అన్నాడా? నా గురించి ఏమన్నాడు? అడుగుతూ అడుగుతూ పాతది తలుచుకున్నాడు. వాడు నా ముందు నిలబడి చిన్నపిల్లల అమాయకత్వంతో గొప్పలు పోయేవాడు, నేనింతటివాణ్ణి అంతటివాణ్ణి అని చెప్పుకునేవాడు, భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు అంటే నాకేంటి, పోటీకి సై అనేవాడు.

పద్మవ్యూహంలోకి దూసుకెళ్లిన మహావీరుడు అంతవరకూ మనకి తెలుసు. తాతయ్య ముందు నిలబడి కోతలు కోసే పిల్లాడు మాత్రం ఈ ఒక్క చోటే కనిపిస్తాడు. కృష్ణుడు దాచినంతసేపు ఈ పిల్లాడు కూడా దాగిపోయే ఉన్నాడు. సుభద్ర అడగబట్టి, వసుదేవుడు దెబ్బలాడబట్టి బయటికొచ్చాడు. వేల ఏళ్ల తర్వాత మనం వాణ్ణి చూడగలుగుతున్నాం.

అప్పుడు కృష్ణుడు చెప్పాడు. మొత్తం చెప్పాడు. వెన్ను చూపలేదని, మొహంలో భయం లేదని, ఒక్కణ్ణి చేసి అంతమంది చుట్టుముట్టారని, చివరికి దుశ్శాసనుడి కొడుకు చేతిలో పోయాడని. యుద్ధం ముగిశాక సుభద్ర ఎలా ఏడ్చిందో, ద్రౌపదిని, కోడలు ఉత్తరని పట్టుకుని ఏమేం అడిగిందో, కుంతి ఆమెని ఎలా సముదాయించిందో కూడా చెప్పాడు. ఏడుపుని కూడా కథలో భాగంగా చెప్పాడన్నమాట, పక్కకి తోసేయలేదు. విన్న తర్వాత వసుదేవుడు లేచాడు. మనవడికి శ్రాద్ధం పెట్టాడు. కృష్ణుడు కూడా తన మేనల్లుడికి చేయాల్సిన కర్మలన్నీ చేశాడు.

వరస చూడండి. ముందు కథ, తర్వాత శ్రాద్ధం. శ్రాద్ధం అన్న మాట శ్రద్ధ నుంచి వచ్చింది. పంతులుగారిని పిలిచి, గంటలో అయిపోయేలా చేయించి, మధ్యలో ఆఫీస్ కాల్ అటెండ్ అయ్యే తద్దినాలు మనకి తెలుసు. మంత్రం ఎలాగూ ఆయన చదువుతారు. వాడి గురించి ఒక గంట మాట్లాడుకోవడం మాత్రం ఆయన చేయలేరు, అది ఇంట్లో వాళ్ల పని. పెళ్లి కాకుండా పోయినవాళ్లకి కొన్ని కర్మల్లో తేడాలుంటాయి, అవి మీ ఇంటి ఆచారం ప్రకారం పెద్దల్ని అడిగి చేసుకోండి, నేను ఇక్కడ రాయబోవడం లేదు. మాట్లాడుకోవడానికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాదు.

మురళీ నాయక్ గురించి నాకు తెలిసింది మీకు తెలిసినంతే, పేపర్లో వచ్చినంతే. ఆ ఇంటికి వెళ్లి కెమెరా పెట్టమని నేను ఎవరికీ చెప్పను, దయచేసి వెళ్లొద్దు కూడా. అతనితో కలిసి చదువుకున్న పిల్లలు ఆ చుట్టుపక్కల ఉంటారు. ఒకే బ్యారక్‌లో పడుకున్న కుర్రాళ్లు దేశమంతా ఉంటారు. అతని గొప్పలు, అలకలు, తిండి గోల వాళ్ల దగ్గరున్నాయి. సెలవుకి వచ్చినప్పుడు వాళ్లలో ఒక్కడైనా కల్లితండా వెళ్లి, అమ్మా, ఒకసారి ఏం జరిగిందంటే అని మొదలుపెట్టాలని నా కోరిక. వెళ్లే ఉంటారు కూడా.

మీకు కూడా అలాంటి పేరు ఒకటి ఉందన్నాను కదా. వాడి పుట్టినరోజుకి మీరు స్టేటస్ పెడతారు, నాకు తెలుసు. కింద పది మంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. వాళ్లమ్మ ఆ స్టేటస్ చూస్తుంది, ఏమీ రాయదు. ఈసారి ఫోన్ చేయండి. ఏం మాట్లాడాలో తెలియక మనం ఆగిపోతాం కదా, అందుకే చెబుతున్నాను. ఓదార్చక్కర్లేదు, ఫిలాసఫీ అక్కర్లేదు. ఆంటీ, వాడు మీ గురించి మాతో ఏమనేవాడో తెలుసా అని మొదలుపెట్టండి. వసుదేవుడు కృష్ణుణ్ణి అడిగిందదే. ఆవిడ ఏడిస్తే ఫోన్ పెట్టేయకండి, కాసేపు అలాగే ఉండండి. తర్వాత ఆవిడే మీకు తెలియనిది ఒకటి చెబుతుంది.